గోథెన్‌బర్గ్ కుర్రాడు, మా డబ్బా టీవీ

2015 మే నెలలో మా సీనియర్ ఒకాయన చదువైపోయి డాలస్‌లో ఉద్యోగానికి వెళ్తూ శాన్ హోసేలో తన సామానంతా మా రూమ్‌లో దింపేసి వెళ్లాడు. ఒక రైస్ కుక్కర్, రెండు పరుపులు, అడుగున కాస్త మిగిలిన ఆవకాయ సీసా, ఒక డబ్బా టీవీ, దాని నెత్తిన గేమ్‌క్యూబ్ అనే ఊదారంగు నింటెండో వీడియో గేమ్ డబ్బా. సీనియర్ల సామాను జూనియర్లకు రావడం అమెరికాలో చదువుకున్న మనవాళ్లందరికీ తెలిసిందే, ఆ కుక్కర్ మాకంటే ముందు ఎంతమందికి అన్నం వండిపెట్టిందో లెక్కలేదు. టీవీ మాత్రం ఎందుకో అర్థం కాలేదు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు, పెడితే గదిలో సగం అదే. "అన్నా, దీన్ని కింద పెట్టేస్తాం, ఎవరో ఒకరు పట్టుకుపోతారు" అన్నాను. కారు డోర్ వేసినవాడు మళ్లీ తీసి, "రేయ్, కుక్కర్ పారేసినా ఏమనను, ఆ టీవీని మాత్రం ముట్టుకోకండి, మెలీ ఆడాలంటే అదే కావాలి" అన్నాడు. పోతూ పోతూ ఒక వీడియో పేరు కూడా చెప్పి, ఆర్మాడాని చూడండి అని వెళ్లాడు.

ఆ రాత్రే చూశాం. 2011 జెనెసిస్ 2 ఫైనల్. శాన్ హోసే నుంచి కారులో ఓ గంటన్నర పోతే వచ్చే ఆంటియోక్ అనే ఊళ్లో జరిగిన టోర్నమెంట్. ఒకవైపు కాలిఫోర్నియా కుర్రాడు మ్యాంగో, రెండోవైపు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల ఆడమ్ లిండ్‌గ్రెన్, ఆటలో పేరు ఆర్మాడా. నాకు ఆట తెలియదు, రూల్స్ తెలియవు, అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. అందరూ నక్కనీ, డేగనీ, కత్తి పట్టిన రాజకుమారుణ్నీ తీసుకుని ఆడుతుంటే ఇతను గులాబీ గౌను వేసుకున్న ప్రిన్సెస్ పీచ్‌తో ఆడుతున్నాడు, నేలలోంచి దుంపలు పీకి విసురుతున్నాడు, గెలుస్తున్నాడు.

మెలీ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ 2001లో గేమ్‌క్యూబ్ మీద వచ్చింది. మామూలు ఫైటింగ్ గేమ్‌లలో లాగా ఎదుటివాడి ప్రాణం గీత తగ్గించుకుంటూ పోవడం కాదు, దెబ్బ తగిలేకొద్దీ వాడి పర్సెంట్ పెరుగుతుంది, పర్సెంట్ పెరిగేకొద్దీ వాడు ఎక్కువ దూరం ఎగిరిపడతాడు, స్టేజీ మీదికి తిరిగి రాకుండా చేస్తే ఒక ప్రాణం పోయినట్టు. ఒక్కొక్కరికి నాలుగు ప్రాణాలు, వాటిని స్టాక్‌లు అంటారు, ఎనిమిది నిమిషాల టైమ్. సెకనుకు అరవై ఫ్రేమ్‌లు, అంటే అరవై బొమ్మలు, నడుస్తాయి. గాల్లోంచి దాడి చేస్తూ నేల మీద దిగేముందు చివరి ఏడు ఫ్రేమ్‌ల లోపల షీల్డ్ బటన్ నొక్కితే దిగాక కాసేపు కదల్లేని ఆ తడబాటు సగానికి తగ్గుతుంది, దాన్ని ఎల్-క్యాన్సెల్ అంటారు. ఏడు ఫ్రేమ్‌లంటే సెకనులో ఎనిమిదో వంతు కూడా కాదు, ఇది ఆటలో ప్రతిసారీ, ప్రతి దూకుడుకీ చెయ్యాలి. కొత్త ఫ్లాట్ టీవీలో బొమ్మ కొన్ని ఫ్రేమ్‌లు ఆలస్యంగా కనిపిస్తుంది కాబట్టి చెయ్యి లెక్క తప్పుతుంది. మా సీనియర్ ఆ డబ్బా టీవీని ప్రాణంలా చూసుకున్నది అందుకు. గమ్మత్తేంటంటే ఒకసారి అమ్మిన డిస్క్‌కి నింటెండో అప్‌డేట్‌లు ఇచ్చింది లేదు, ఆట అందులో ఎలా వచ్చిందో అలానే ఉంది, ఆడేవాళ్లే ఏళ్ల తరబడి తవ్వి తవ్వి అందులోంచి కొత్త విద్యలు తీశారు.

ఇక పీచ్ గురించి. ఆమె పరుగులో నెమ్మది. నక్క, అదే ఫాక్స్, కన్ను మూసి తెరిచేలోపు స్టేజీ ఆ చివర నుంచి ఈ చివరకు వస్తాడు, అతని షైన్ అనే దెబ్బ నొక్కిన మొదటి ఫ్రేమ్‌లోనే తగులుతుంది. పీచ్‌కి ఉన్నదల్లా గాల్లో తేలడం. జంప్ బటన్ వదలకుండా పట్టుకుంటే కాసేపు అలాగే తేలుతుంది, నేలకు మోకాలెత్తులో కూడా తేలగలదు, అక్కడి నుంచి కొట్టి దిగితే దాదాపు తడబాటే ఉండదు. రెండోది ఆ టర్నిప్ దుంపలు. ఆర్మాడా వీడియోలు నెమ్మది చేసి చూసేవాణ్ని, అందుకే ఈ దృశ్యం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది: ఎదుటివాణ్ని దూరంగా ఎగరగొట్టాక దొరికిన ఆ అరక్షణంలో పీచ్ వంగి నేలలోంచి ఒక దుంప పీకుతుంది, దుంప మీద చిన్న మొహం ఉంటుంది, నవ్వు మొహమో, కన్నుకొట్టే మొహమో, ఏదో ఒకటి. 58 దుంపల్లో ఒకటి మాత్రం కుట్లు పడిన మొహంతో వస్తుంది, అది తగిలితే మామూలు దుంపకంటే ఎన్నో రెట్లు దెబ్బ. ఏది వచ్చిందో చూసుకుని, ఎదుటివాడు తిరిగి వచ్చే దారి లెక్కకట్టి, ఆ దారికి అడ్డంగా దుంప విసిరి, దాని వెనకే తనూ తేలుతూ వెళ్తుంది. వాడు దుంపను ఆపుకుంటే పీచ్ చేతికి చిక్కుతాడు, పీచ్‌ని చూసుకుంటే దుంప తగులుతుంది. షీల్డ్‌కి తగిలి పైకి లేచిన దుంపను గాల్లోనే మళ్లీ పట్టుకుని మళ్లీ విసిరేవాడు. ఎక్కడా తొందర లేదు, తప్పటడుగు లేదు. మా నాయనమ్మ పెరట్లో కూరగాయలు కోసుకుంటున్నంత నిదానంగా ఉండేది ఆ ఆట, ఎదుటివాడు మాత్రం ఊపిరాడక కొట్టుకుంటూ ఉండేవాడు.

ఆ ఫైనల్‌కు రెండేళ్ల ముందు కథ తర్వాత తెలిసింది. 2009లో మొదటి జెనెసిస్‌కి, అప్పటికి పదహారేళ్లు, స్వీడన్ నుంచి విమానం ఎక్కి అదే ఆంటియోక్ వచ్చాడు. యూరప్ వాళ్లు ఏం ఆడతారులే అనుకునే రోజులు. వచ్చి అందరినీ దాటుకుంటూ గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లి మ్యాంగో చేతిలో ఓడి రెండో స్థానంతో వెనక్కి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత అదే ఊరికి, అదే టోర్నమెంట్‌కి వచ్చి, అదే మ్యాంగోని ఫైనల్లో ఓడించి కప్పు పట్టుకెళ్లాడు. ఆ మధ్య రెండేళ్లు ఏం చేసి ఉంటాడు అన్నదే నన్ను పట్టుకుంది. అమెరికాలో వారం వారం ఏదో ఒక ఊళ్లో టోర్నమెంట్ ఉంటుంది, పెద్ద ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడుకుంటూ ఎదుగుతారు. అతనికి ఆ వీలు లేదు. ఇంట్లో అన్నదమ్ములు ఉన్నారు. ఆండ్రాయిడ్ అనే పేరుతో ఒకరు, అనియోలాస్ అనే పేరుతో ఒకరు, ఇద్దరూ మెలీ ఆటగాళ్లే. గోథెన్‌బర్గ్‌లో ఒక ఇంట్లో అన్నదమ్ములు కూర్చుని ఆడుకున్న ఆటే ప్రపంచం మొత్తాన్ని ఓడించే ఆట అయింది.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు గానీ నాకు పెద్ద విషయం. యూరప్‌లో అమ్మిన మెలీ, అమెరికాలో అమ్మిన మెలీ అచ్చంగా ఒకటి కాదు. యూరప్‌ది పాల్ వెర్షన్, అంటే అక్కడి టీవీల పద్ధతికి తయారైనది, అందులో కొన్ని పాత్రల బలాన్ని తగ్గించారు. ఫాక్స్ బరువు కొంచెం తక్కువ, పైకి కొట్టే దెబ్బ కొంచెం మెత్తన. షీక్ అనే ఇంకో పాత్ర కిందికి విసిరే పట్టు నుంచి తప్పించుకోవచ్చు. అంటే ఆర్మాడా చిన్నప్పటి నుంచి ఇంట్లో నేర్చుకున్నది ఒక ఆట, అమెరికాకు వచ్చి గెలవాల్సింది దానికంటే బలమైన ఫాక్స్‌లూ షీక్‌లూ ఉన్న ఇంకో ఆట. ఇంట్లో సరిపోయిన లెక్కలు ఇక్కడ సరిపోవు, అన్నీ మళ్లీ చేతికి నేర్పాలి, పైగా తొమ్మిది గంటల టైమ్ తేడాతో నిద్రకళ్లతో వచ్చి కూర్చుని ఆడాలి.

అన్నదమ్ములు అనగానే నాకు తెనాలి గుర్తొస్తుంది. మాకు ఒక క్యాసెట్ వీడియో గేమ్ ఉండేది, 9999 ఆటలు అని డబ్బా మీద రాసి ఉండేది, తీరా చూస్తే పాతిక ఆటలే తిప్పి తిప్పి ఉండేవి. రెండు రిమోట్లలో ఒకటి త్వరగానే పాడైంది. వేసవి సెలవుల్లో నేనూ తమ్ముడూ ఒకే రిమోట్‌ని వంతులేసుకుని ఆడేవాళ్లం, వాడు బటన్లు నేను బాణాలు పట్టుకుని కూడా ఆడాం, అలా ఆడి ట్యాంకుల ఆటలో చివరిదాకా వెళ్లాం కూడా. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. 2014 ఆగస్టులో నేను అమెరికా వచ్చేశాక మా ఇద్దరి మధ్య ఆట అనేదే లేకుండా పోయింది. ఆదివారం ఫోన్, బాగున్నావా, తిన్నావా, అమ్మకు ఇస్తున్నా. అంతే.

అందుకే ఆర్మాడా డబుల్స్‌లో ఆండ్రాయిడ్‌తో కలిసి ఆడే వీడియోలు చూసినప్పుడు గుండెలో ఏదో అయ్యేది. డబుల్స్‌లో మన దెబ్బ మనవాడికి కూడా తగులుతుంది, కాబట్టి పక్కవాడు తర్వాత ఏం చేస్తాడో ముందే తెలిసి ఉండాలి. వాళ్లిద్దరికీ తెలుసు. నలుగురు కలగలిసిపోయిన గందరగోళంలో ఒకడు కొట్టిన దెబ్బ తన అన్నదమ్ముడి పక్కనుంచి వెంట్రుకవాసిలో పోయి ఎదుటివాడికి తగిలేది. ఆ జోడీని ప్రపంచంలోనే గొప్ప డబుల్స్ జట్టుగా చాలామంది చెబుతారు, నేనైతే చాలామంది అనను, వాళ్లే గొప్ప.

మెలీ వాళ్లకు తమ ఆట మీద ఎంత ప్రేమో చెప్పడానికి ఒక్క ముచ్చట చాలు. లాస్ వెగాస్‌లో ఈవో అని ఫైటింగ్ గేమ్‌లకు అన్నిటికంటే పెద్ద పండగ జరుగుతుంది. 2013లో అందులో చివరి ఆటగా ఏది పెట్టాలన్నది రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఎవరు ఎక్కువ చందాలు పోగేస్తే వాళ్లదే అన్నారు. పన్నెండేళ్ల పాత ఆట కోసం మెలీ అభిమానులు 94,683 డాలర్లు పోగేసి గెలిచారు. ఆ ఈవోలో మ్యాంగో గెలిచాడు, ఆర్మాడా నాలుగో స్థానంలో నిలిచాడు.

ఆ రోజుల్లో ఐదుగురిని దేవుళ్లు అనేవాళ్లు. మ్యాంగో, ఆర్మాడా, హంగ్రీబాక్స్, మ్యూటూకింగ్, పీపీఎండీ. వాళ్లలో వాళ్లు ఓడటమే తప్ప బయటివాళ్ల చేతిలో ఓడటం చాలా అరుదు. అందులో అమెరికా బయటివాడు ఆర్మాడా ఒక్కడే. ఫ్లోరిడాకు చెందిన హంగ్రీబాక్స్ ఆడే జిగ్లీపఫ్ అంటే పీచ్‌కి మహా ఇబ్బంది, బెలూన్‌లా గాల్లో తేలుతూ ఉంటుంది, పీచ్ దాన్ని సరిగా అందుకోలేదు. మొదట్లో ఆర్మాడా దాని కోసమే యంగ్ లింక్ అనే పాత్రను ప్రత్యేకంగా సిద్ధం చేసుకుని బాంబులు, బాణాలు వేస్తూ ఆడేవాడు. అదీ చాలదనిపించి కొన్నాళ్లకు ఫాక్స్ నేర్చుకున్నాడు. పీచ్‌తో ప్రపంచంలోనే నిలబడ్డవాడు, ఒక ప్రత్యర్థి కోసం, ఆటలో అన్నిటికంటే కష్టమైన చేతిపని ఉన్న పాత్రను మొదటి నుంచి కూర్చుని నేర్చుకోవడం! కొద్దికాలానికే ఆ ఫాక్స్ కూడా ప్రపంచంలో అగ్రశ్రేణి ఫాక్స్‌లలో ఒకటయింది.

దాని ఫలితం 2015 జూలైలో మా రూమ్‌లో కూర్చుని లైవ్‌లో చూశాను. ఆ ఏడాది ఈవోలో మెలీకి 1,869 మంది పేరు ఇచ్చారు. ఫైనల్లో ఆర్మాడా, హంగ్రీబాక్స్. నలుగురు రూమ్మేట్లం, ఒక ల్యాప్‌టాప్, పప్పుచారు చల్లారిపోతోంది, ఎవరూ లేవడం లేదు. మా కరీంనగర్ రూమ్మేట్ అప్పటిదాకా ఈ ఆటంటేనే విసుక్కునేవాడు, వాడు కూడా లేచి నిలబడి చూశాడు. ఆర్మాడా గెలిచాడు. ఆ ఏడాది, తర్వాతి ఏడాది కూడా ప్రపంచ ర్యాంకింగ్‌లో అతనే ఒకటో నంబర్.

స్వీడన్ నుంచే ఇంకొకడు ఉన్నాడు, లెఫెన్, అసలు పేరు విలియం యెల్టే. ఆర్మాడాకు పూర్తిగా వ్యతిరేకం, నోరు ఎక్కువ, కోపం ఎక్కువ, ఫాక్స్‌తో మెరుపులా ఆడతాడు. ఆ ఐదుగురు దేవుళ్లనూ టోర్నమెంట్లలో ఓడించిన మొదటివాడు అతనే. 2015 చివర్లో టోర్నమెంట్‌కి వస్తే వీసా సరైనది కాదని అమెరికా నుంచి వెనక్కి పంపేశారు. స్పాన్సర్ ఉన్న ఆటగాడు కాబట్టి వేరే రకం వీసా కావాలన్నారు, ఆ వీసా అడిగితే ఇది క్రీడ కిందికి వస్తుందా అన్న ప్రశ్న వచ్చింది, అభిమానులు వైట్‌హౌస్‌కి పిటిషన్ పెట్టారు. నెలల తరబడి అమెరికాలో ఆడలేకపోయాడు. ఆ వార్త చదివిన రోజు మా రూమ్‌లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. నాకు లెఫెన్ అంటే అప్పటిదాకా పెద్ద ఇష్టం లేదు. కానీ ఎయిర్‌పోర్ట్‌లో ఆ కౌంటర్ ముందు, కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం ఫైల్లో ఉందా లేదా అని పదోసారి తడుముకుంటూ నిలబడ్డ ఎవరికైనా ఆ కుర్రాడి పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆర్మాడా ప్రతిసారీ ఆ కౌంటర్ దాటి వచ్చి ఆడుతున్నాడన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది.

2016 జనవరి. జెనెసిస్ 3 ఈసారి ఆంటియోక్‌లో కాదు, మా శాన్ హోసేలోనే. మేం బస్సెక్కి పోయే దూరంలో. 1,828 మంది మెలీ ఆడటానికి వచ్చారు, అందులో నేనొకణ్ని. కన్వెన్షన్ సెంటర్ హాల్లోకి అడుగుపెట్టగానే వచ్చిన ఆ చప్పుడు మర్చిపోలేను. వందల డబ్బా టీవీలు వరసగా, అన్నీ ఒకేసారి ఆన్ అయి సన్నగా చేసే ఆ 'కీ' మనే శబ్దం, దాని మీద వందల కంట్రోలర్ల టకటక. ప్రతివాడూ మెడలో తన కంట్రోలర్ వేసుకుని తిరుగుతున్నాడు. నేను మొదటి సెట్ ఒక స్కూల్ పిల్లాడి చేతిలో ఓడాను, రెండోది గెలిచాను, మూడోది ఓడి బయటికి వచ్చాను. రెండుసార్లు ఓడితే ఇంటికే. ఆ గెలిచిన ఒక్క సెట్‌లో పీచ్‌తో విసిరిన ఒక దుంప స్టేజీ అంచున ఎదుటివాడికి తగిలి వాడు తిరిగి రాలేకపోవడం, వాడే లేచి చెయ్యి కలిపి "నైస్ టర్నిప్" అనడం, ఇప్పటికీ తలుచుకుంటే ఒంట్లో వెచ్చగా ఉంటుంది.

ఆఖరి రోజు ఫైనల్స్ సిటీ నేషనల్ సివిక్ హాల్లో. మళ్లీ ఆర్మాడా, మ్యాంగో. కాలిఫోర్నియా జనం, కాలిఫోర్నియా కుర్రాడు, హాలు మొత్తం అతని పక్షమే. మా రూమ్‌లో అతన్ని మామిడి అనేవాళ్లం, ప్రేమగానే, ఎందుకంటే మ్యాంగో ఆట చూస్తే ఎవరికైనా ప్రేమ పుడుతుంది, మనసుకు ఏది తోస్తే అది ఆడేస్తాడు. మామిడి ఒక ప్రాణం తీస్తే పైకప్పు ఎగిరిపోయేంత అరుపు, ఆర్మాడా తీస్తే అక్కడక్కడా పదిమంది చప్పట్లు, ఆ పదిమందిలో నేనూ మా కరీంనగర్ వాడూ. స్టేజీ మీద అతను ఎలా కూర్చున్నాడంటే, వెన్ను నిటారుగా, మొహంలో ఏ భావమూ లేకుండా, ఒక గేమ్ అయిపోగానే కళ్లు మూసుకుని ఊపిరి తీసుకుని మళ్లీ తెరిచేవాడు. వేల మంది తనకు వ్యతిరేకంగా అరుస్తుంటే ఇరవై రెండేళ్ల కుర్రాడు అలా ఎలా ఉండగలిగాడో. గెలిచాడు. గెలిచాకే నవ్వాడు. మేం చలిలో నడుచుకుంటూ రూమ్‌కి వచ్చి ఆ రాత్రే తెనాలికి ఫోన్ చేశాను, అక్కడ మధ్యాహ్నం. తమ్ముడికి మొత్తం చెప్పాను. వాడికి ఏ ముక్కా అర్థం కాలేదు గానీ, "అన్నయ్యా, చాలా రోజులకు నువ్వు ఇంత మాట్లాడావు" అన్నాడు.

ఆ జూలైలో ఈవోలో మెలీకి 2,372 మంది. మళ్లీ అదే ఇద్దరు ఫైనల్లో, ఆర్మాడా, హంగ్రీబాక్స్. హంగ్రీబాక్స్ అప్పటికే ఒకసారి ఓడి లూజర్స్ వైపు నుంచి వచ్చాడు కాబట్టి రెండు సెట్లు గెలవాలి, రెండూ గెలిచాడు. నాకు అప్పటికి మే నెలలో చదువైపోయింది, ఉద్యోగం రాలేదు, ఓపీటీలో, అంటే చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే గడువులో, నిరుద్యోగిగా ఉండే 90 రోజుల లెక్క నడుస్తోంది. ఆ మ్యాచ్ అయ్యాక లైట్ తీసేసి పడుకున్నాను, నిద్ర మాత్రం పట్టలేదు. ఆర్మాడా మాత్రం ఆ తర్వాత కూడా విమానాలెక్కుతూనే ఉన్నాడు, టోర్నమెంట్లు గెలుస్తూనే ఉన్నాడు. సెప్టెంబర్‌లో నాకు ఉద్యోగం వచ్చింది.

2017 సంక్రాంతికి ఇంటికి వెళ్లాను, రెండున్నరేళ్ల తర్వాత. సూట్‌కేసులో చాక్లెట్లూ సెంటు సీసాల మధ్య బట్టలు చుట్టి గేమ్‌క్యూబ్ తీసుకెళ్లాను. అమెరికా అడాప్టర్ మన 230 వోల్టులకు కాలిపోతుంది కాబట్టి తెనాలి బజార్లో ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం, ఇటుకంత బరువు. వెనక గదిలో మా పాత డబ్బా టీవీ ఇంకా ఉంది, అమ్మ దాని మీద బియ్యం డబ్బా మూతలు పెట్టుకునేది. దుమ్ము దులిపి, ఎరుపు తెలుపు పసుపు వైర్లు గుచ్చి ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది గానీ రంగు లేదు. నలుపు తెలుపే. అమెరికా ఆట ఎన్‌టీఎస్‌సీ, మన పాత టీవీ పాల్, ఒకదాని రంగు ఇంకొకదానికి తెలియదు. గోథెన్‌బర్గ్ వాడికి ఉన్న అదే తేడా మా వెనక గదిలో కూడా వచ్చి కూర్చుంది. పీచ్ గౌను బూడిదరంగు, దుంపలు బూడిదరంగు, నిప్పులు తెల్లగా. తమ్ముడు ఫాక్స్ తీసుకున్నాడు, నేను పీచ్. వాడు రెండు రోజుల్లో నన్ను ఓడించడం మొదలుపెట్టాడు. అమ్మ అరిసెల పళ్లెం టీవీ పక్కన పెట్టి, కాసేపు చూసి, "ఆ గౌను పిల్ల ఏం విసురుతోందిరా, ఉల్లిపాయలా?" అంది. నేను అక్కడుండగానే శాన్ హోసేలో జెనెసిస్ 4 జరిగింది, ఆర్మాడా మళ్లీ గెలిచాడు. ఈసారి తెల్లవారుజామున తమ్ముడు కూడా పక్కన కూర్చుని చూశాడు.

ఆ ఏప్రిల్‌లో హెచ్-1బీ లాటరీ, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు, నాకు వచ్చింది. జూలైలో ఈవో, ఫైనల్లో మ్యాంగోని ఓడించి ఆర్మాడా రెండోసారి ఈవో చాంపియన్. ఆ ఏడాది చివర ర్యాంకింగ్‌లో మాత్రం హంగ్రీబాక్స్ ఒకటి, ఇతను రెండు.

2018 ఆగస్టు ఈవో ఫైనల్లో ఇద్దరూ స్వీడన్ వాళ్లే. ఆర్మాడా, లెఫెన్. వీసా సరైనది కాదని వెనక్కి పంపిన కుర్రాడు, తొమ్మిదేళ్లుగా సముద్రం దాటి వచ్చి ఆడుతున్న కుర్రాడు, వెగాస్ స్టేజీ మీద పక్కపక్కన. లెఫెన్ గెలిచాడు. చూస్తున్నప్పుడు ఎవరు గెలిచినా ఫర్వాలేదు అనుకున్నాను, తీరా అయ్యాక ఆర్మాడా మొహం చూస్తే ఎప్పటిలా నిబ్బరంగానే ఉంది గానీ నాకు ఏదో తేడాగా అనిపించింది. అది ఈవోలో మెలీకి కూడా చివరి ఏడాది అని అప్పటికి ఎవరికీ తెలియదు. నెల తిరిగేసరికి సెప్టెంబర్‌లో అతను వీడియో పెట్టాడు, సింగిల్స్ ఆడటం మానేస్తున్నానని. ఇంతకుముందు ఉన్న ఆనందం ఇప్పుడు లేదన్నాడు. ఇరవై అయిదేళ్లు. గొంతులో వణుకు లేదు, నా కళ్లు మాత్రం తడిశాయి. ఆఫీసులో లంచ్ బ్రేక్‌లో కారులో కూర్చుని చూశాను, డబ్బాలో పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

తమ్ముడికి మెసేజ్ పెట్టాను. వాడు వెంటనే రాసిన జవాబు, "డబుల్స్ కూడా మానేశాడా?" ఆండ్రాయిడ్‌తో ఆడటం గురించి అడుగుతున్నాడు. లేదు, సింగిల్స్ మాత్రమే అన్నాను. "అయితే సరే" అన్నాడు.

2019 సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. ఈసారి రెండో గేమ్‌క్యూబ్ కంట్రోలర్ ఒకటి కొత్తది కొని పట్టుకెళ్లాను, తమ్ముడి దాని కర్ర అరిగిపోయి జారుతోందని వాడు గొణుగుతున్నాడు. టీవీ అదే, రంగు లేదు. భోజనాలయ్యాక ఇద్దరం ఒక టీమ్‌గా, ఎదురుగా కంప్యూటర్ ఆడే రెండు ఫాక్స్‌లు పెట్టుకుని, మన దెబ్బ మనకే తగిలేలా సెట్ చేసుకుని కూర్చున్నాం. టీమ్‌లను గుర్తుపట్టడానికి ఒకరికి ఎరుపు, ఇంకొకరికి నీలం ఇస్తుంది ఆట, నలుపు తెలుపు టీవీలో రెండూ ఒకటే బూడిద. వాడూ ఫాక్సే కావడంతో మూడు ఫాక్స్‌లలో తమ్ముడు ఎవరో తెలియదు. మొదటి రెండు గేమ్‌లు వాణ్నే కొట్టాను. మూడో దాంట్లో వాడు దూకే తీరు చూసి పట్టేశాను, చిన్నప్పుడు ట్యాంకుల ఆటలో కూడా వాడు ముందు ఒక్క క్షణం ఆగి అప్పుడు కదిలేవాడు, ఇప్పుడూ అంతే. దుంప పీకి వాడి పక్కనుంచి విసిరాను, వెనకున్న ఫాక్స్‌కి తగిలింది. "చూసుకో అన్నయ్యా!" అని అరిచాడు, అప్పటికే వాడు దాని వెనక పరిగెడుతున్నాడు.